ఒకటే దరువు, ఆగని ఊపు: ఇలాంటి పాటలు ఎలా వెతకాలి, ఎలా వినాలి, ఇంకొకరికి ఎలా చెప్పాలి

"అన్నా, మొదటి నుంచి చివరి దాకా ఒకటే దెబ్బ నడవాలి. మెషీన్ కొట్టినట్టే ఉండాలి, కానీ వింటుంటే కాలు ఆగొద్దు. అట్లాంటి పాటలుంటే చెప్పు." హన్మకొండలో, కరీంనగర్‌లో తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. పేర్లు రాసి పంపిస్తే చాలామంది రెండు నిమిషాలు విని, "ఏం మారట్లేదు కదా" అని ఆపేస్తారు. పాట బాగాలేక కాదు. ఈ రకం సంగీతంలో పాట పేరు చెప్తే సగమే చెప్పినట్టు. ఆ పాటలో ఏ చప్పుడు వెంట పోవాలో కూడా చెప్పాలి. అది తెలిస్తే 18 నిమిషాల పాట కూడా ఇట్టే అయిపోతుంది. అందుకే పేర్ల లిస్టు ఒక్కటే కాకుండా, వినే పద్ధతి కూడా కలిపి రాస్తున్నాను.

ముందు ఏం కావాలి

వైరు ఉన్న మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. ఖరీదైనవి అక్కర్లేదు. ఫోన్ స్పీకర్ మీద మాత్రం వినకండి. ఈ పాటల ఊపు సగం బేస్‌లోనే, అంటే కింది బరువైన శబ్దంలోనే ఉంటుంది, ఫోన్ స్పీకర్‌లో కింది బేస్ దాదాపు వినబడదు. ఫోన్‌లో టైమర్, చేతిలో ఒక కాగితం, పెన్ను ఉంచుకోండి. ఎవరూ పిలవని అరగంట దొరకాలి. ఇంట్లో దొరక్కపోతే పొద్దున వాకింగ్ టైమ్ వాడుకోండి.

ఫోన్ సెట్టింగ్స్‌లో నాలుగు చూసుకోండి. షఫుల్, ఆటోప్లే ఆపేయాలి. ఒక పాట చివర్లో ఇంకో పాట కలిసిపోయే క్రాస్‌ఫేడ్ ఉంటే అదీ ఆపాలి. రెండు చెవుల్లో ఒకటే శబ్దం వినిపించే మోనో ఆడియో ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆపేయండి, లేకపోతే కింద చెప్పబోయే ఒక పాటలోని అసలు విషయమే పోతుంది.

1. మీకు ముందే వచ్చిన దరువుతో మొదలుపెట్టండి

జర్మనీ పాటలకో, ఆఫ్రికా పాటలకో నేరుగా పోవద్దు. మన దగ్గర ఒళ్లు ఎరిగిన దరువులు బోలెడు ఉన్నాయి. బతుకమ్మ పాట, డప్పు, ఒగ్గు డోలు, ఆదిలాబాద్ వైపు దండారి పండుగలో గుస్సాడి ఆటకు కొట్టే వాయిద్యాలు. వీటిలో ఒకటి తీసుకోండి. ఎడిట్ చేయని, కనీసం పది నిమిషాలు ఉన్న రికార్డింగ్ వెతకండి.

నేనైతే బతుకమ్మతోనే మొదలుపెట్టమంటాను. వేయిస్తంభాల గుడి దగ్గరో, పద్మాక్షి గుట్ట దగ్గరో ఆడుతుండగా తీసిన వీడియో ఏదైనా పెట్టి, పాట మాటలను కాసేపు వదిలేసి చప్పట్లు మాత్రమే వినండి. చప్పట్లు మారవు. "ఉయ్యాలో" మారదు. కథ మాత్రం ముందుకు నడుస్తుంటుంది. ఇంకొంచెం జాగ్రత్తగా వింటే ఇంకోటి దొరుకుతుంది. అంతమంది ఆడవాళ్ల చప్పట్లు సరిగ్గా ఒకే క్షణంలో పడవు. ఒకరిది వెంట్రుకవాసి ముందు, ఒకరిది వెనక. అందుకే ఆ చప్పట్లు పలచగా కాక మందంగా వినిపిస్తాయి. మనం వెతుకుతున్న "మనిషితనం" ఎక్కువగా ఆ మందంలోనే ఉంటుంది. చెవికి ఇది ఒక్కసారి తెలిసిందంటే మిగతా లిస్టంతా తేలికవుతుంది.

డప్పు వినేవాళ్లు రెండు పుల్లలను విడివిడిగా పట్టుకోండి. చిర్ర కొట్టే బరువైన దెబ్బ ఒకటి, సన్నటి సిటికెన పుల్ల మధ్యలో నింపే చిటపట ఒకటి. ముందు చిర్ర వెంట రెండు నిమిషాలు, తర్వాత సిటికెన పుల్ల వెంట రెండు నిమిషాలు పోండి. ఒగ్గు కథ అలవాటున్న ఇళ్లలోనైతే చుక్క సత్తయ్య గారి పాత రికార్డింగులు వెతికి, కథ కన్నా వెనక వాయిద్యం మీదే దృష్టి పెట్టి ఒకసారి వినండి.

జాగ్రత్త: యూట్యూబ్‌లో బతుకమ్మ అని కొడితే ముందు వచ్చేవి డీజే మిక్సులే. వాటిలో చాలావరకు చప్పట్లు కంప్యూటర్‌లో ఒకదాన్నే కాపీ చేసి పెట్టినవి. పండుగ రోజు ఆడుకోవడానికి అవి బాగుంటాయి. ఈ మెట్టుకు మాత్రం పనికిరావు.

2. దెబ్బలు లెక్కపెట్టండి

పాట మొదట్లో 30 సెకన్లు, చివర్లో 30 సెకన్లు టైమర్ పెట్టి, ప్రధాన దెబ్బలు లెక్కపెట్టండి. రెండు అంకెలూ కాగితం మీద రాయండి. రెండూ ఒకటే అయితే మెషీన్ నడిపిన పాట కావచ్చు, లేదా చాలా నిలకడైన చెయ్యి కావచ్చు. చివర్లో పెరిగితే మనుషులు కలిసి ఊపందుకున్నారని అర్థం. ఒగ్గు డోలు విన్యాసంలో ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. మధ్యలో చిన్న దెబ్బలు కూడా కలిపి లెక్కపెట్టి, సంఖ్య రెట్టింపు వచ్చేసరికి కంగారు పడతారు. మీరు నడుస్తూ ఉంటే అడుగు ఏ దెబ్బకు పడుతుందో దాన్నే లెక్కపెట్టండి.

3. మీకు పట్టే ఊపు ఏ రకమో తేల్చుకోండి

అడిగేవాళ్లందరూ ఒకే మాటలు వాడతారు గానీ, వాళ్లకు కావాల్సింది ఒకటే కాదు. నా లెక్కలో ఇవి మూడు రకాలు. ఒక్కో రకం నుంచి ఒక్కో పాట విని, ఏది మిమ్మల్ని లాగిందో చూసుకోండి.

మొదటిది, మనిషి మెషీన్‌లా వాయించేది. దీనికి జర్మనీలో 1970ల మొదట్లో వచ్చిన బ్యాండ్లే గట్టి ఉదాహరణ. డ్యూసెల్‌డార్ఫ్ బ్యాండ్ నోయ్ 1972లో తెచ్చిన మొదటి ఆల్బమ్‌లో "హల్లోగల్లో" పది నిమిషాలు ఉంటుంది. డ్రమ్స్ క్లాస్ డింగర్, గిటార్ మైకేల్ రోటర్. డ్రమ్స్‌లో ఆర్భాటం లేదు, నేరుగా పోతుంటుంది. ఈ రకం దెబ్బకు తర్వాత పత్రికలవాళ్లు "మోటోరిక్" అని పేరు పెట్టారు. ఇక్కడ వినాల్సింది డ్రమ్ కాదు. డ్రమ్ మీద కాలు వేసి ఉంచి, చెవిని గిటార్‌కు ఇవ్వండి. ఒక పొర వస్తుంది, కరిగిపోతుంది, ఇంకోటి వస్తుంది.

అదే కాలంలో కొలోన్‌లో కాన్ అనే బ్యాండ్. వాళ్ల డ్రమ్మర్ యాకీ లీబెట్సైట్ అంతకుముందు ఫ్రీ జాజ్ వాయించినవాడు. అంటే ఏ నియమమూ లేని వాయిద్యం. అది వదిలి ఒకే దరువును పట్టుకుని తిప్పడం మొదలుపెట్టాడు. 1971 నాటి "టాగో మాగో" ఆల్బమ్‌లో "హల్లెలువా" అనే పాట 18 నిమిషాలకు పైగా ఉంటుంది. ఇక్కడ మాత్రం డ్రమ్నే వినాలి. ప్రతి చుట్టులో దెబ్బలు అవే, కానీ ఒక్కోదాని బరువు కొంచెం వేరు. ఏ దెబ్బ మెల్లగా పడుతోందో వెతకండి. నాకు తెలిసి చేతితో కొట్టిన మెషీన్ దరువుకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. అంతసేపు కష్టం అనిపిస్తే 1972లో వాళ్లే చేసిన "విటమిన్ సి" వినండి, నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది.

రెండోది, మెషీన్‌ను మనిషిలా పలికించేది. 1977లో అమెరికన్ గాయని డోనా సమ్మర్ పాడిన "ఐ ఫీల్ లవ్" వినండి. నిర్మాతలు జార్జియో మొరోడర్, పీట్ బెలోట్ దాన్ని దాదాపు మొత్తం మూగ్ సింథసైజర్ మీద కట్టారు. కానీ కింద పడే కిక్ డ్రమ్ మాత్రం సింథసైజర్‌లో సరిగ్గా రాలేదని కీత్ ఫోర్సీ అనే డ్రమ్మర్ కాలితో వాయించాడు. బేస్‌లో ఇంకో కిటుకు ఉంది. ఒక చెవిలో అసలు స్వరం, రెండో చెవిలో కాస్త ఆలస్యంగా దాని ప్రతిధ్వని. ఒక ఇయర్‌ఫోన్ తీసి చూడండి, పరుగెత్తుతున్న బేస్ సగానికి పలచబడుతుంది. మళ్లీ పెట్టుకోండి, గుర్రంలా పరుగెత్తుతుంది. మోనో ఆడియో ఆపమని పైన చెప్పింది ఇందుకే.

ఇదే రకంలో జర్మనీ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్ 1977లో చేసిన "ట్రాన్స్-యూరప్ ఎక్స్‌ప్రెస్" రైలు చక్రాల చప్పుడును దరువుగా కట్టిన పాట. కాజీపేట దగ్గర రైలు పట్టాలు మారేటప్పటి చప్పుడు తెలిసినవాళ్లకు వెంటనే పట్టేస్తుంది. మనదేశం నుంచి ఒకటి తప్పకుండా వినాలి. హిందీ సినిమా పాటలకు వాయించిన చరణ్‌జిత్ సింగ్ 1982లో రాగాలను డిస్కో దెబ్బ మీద సింథసైజర్లతో వాయించి ఒక ఆల్బమ్ తెచ్చారు, పది రాగాలు. రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బేస్ మెషీన్ వాడారు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక ప్రపంచమంతా ఆశ్చర్యపోయింది. కర్ణాటక, హిందుస్తానీ వినే పెద్దవాళ్లకు ఈ దారి చూపించాలంటే నేను ముందు ఇదే ఇస్తాను. కింద మెషీన్ కదలదు, పైన రాగం మాత్రం గమకాలతో వంగుతుంది.

కొత్త తరం హిప్‌హాప్ ఇష్టపడేవాళ్లకు అమెరికన్ సంగీత నిర్మాత జే డిల్లా. ఆయన చాలాసార్లు డ్రమ్ మెషీన్‌లో దెబ్బలను సరిచేసే సదుపాయాన్ని పక్కనపెట్టి, వేళ్లతో కొట్టినవి కొట్టినట్టే వదిలేవాడు. దెబ్బలు కొంచెం తూలుతుంటాయి. 2006లో వచ్చిన "డోనట్స్" ఆల్బమ్‌లో పాటలు చాలా చిన్నవి కాబట్టి ఓపిక లేనివాళ్లకు సులువు.

మూడోది, చాలామంది కలిసి ఒక యంత్రంలా మారేది. బతుకమ్మ ఇందులోకే వస్తుంది, అందుకే మన ప్రాంతంవాళ్లకు ఎక్కువగా నచ్చేది ఈ రకమే అని నా నమ్మకం. నైజీరియాకు చెందిన ఫేలా కుటి 1976లో చేసిన "జాంబీ" పెట్టండి. గొంతు చాలాసేపటికి గానీ రాదు, తొందరపడకండి. అందులో ఒక చిన్న గిటార్ పలుకు ఆగకుండా తిరుగుతుంటుంది. ముందు దాన్ని పట్టుకోండి. ఆ తర్వాత డ్రమ్మర్ టోనీ అలెన్ రెండు చేతులూ రెండు కాళ్లూ నాలుగు వేర్వేరు మాటలు ఎలా చెప్తున్నాయో వినండి. కాంగోలోని కిన్షాసా నుంచి కొనోనో నెంబర్ వన్ అనే బృందం ఉంది. లికెంబే అనే బొటనవేళ్లతో మీటే వాయిద్యానికి పాత సామాన్లతో సొంతంగా చేసుకున్న మైకులు తగిలించి వాయిస్తారు. శబ్దం గరుగ్గా ఉంటుంది. స్పీకర్ పాడైందేమో అనుకుని ఆపొద్దు, దాని రుచే అది.

అమెరికన్ స్వరకర్త స్టీవ్ రైక్‌ను కూడా నేను ఇక్కడే పెడతాను. ఒకే మాటను రెండు టేప్ రికార్డర్లలో ఒకేసారి తిప్పినప్పుడు అవి మెల్లగా ఒకదాన్నొకటి దాటిపోవడం ఆయన 1965లో గమనించాడు. ఆయన పద్ధతికి మూలం అదే. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు. పక్కపక్క మగ్గాల చప్పుడు కలుస్తుంది, విడిపోతుంది, కాసేపటికి మళ్లీ కలుస్తుంది. 1972లో ఆయన రాసిన "క్లాపింగ్ మ్యూజిక్"లో ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు, ఇంకేమీ లేదు. ఒకరు ఒకే వరుస చప్పట్లు కొడుతుంటారు. రెండోవారు అదే వరుసను కొన్నిసార్లు కొట్టి ఒక మాత్ర (తాళంలో చిన్న కొలత) జరుపుతారు. అలా జరుగుతూ జరుగుతూ 12 మాత్రలు తిరిగొచ్చి మళ్లీ ఇద్దరూ కలుస్తారు. అది నచ్చితే 1976 నాటి "మ్యూజిక్ ఫర్ 18 మ్యుజీషియన్స్"కు పోండి, దాదాపు గంట. అందులో క్లారినెట్లు, గొంతులు ఒక స్వరాన్ని ఎంతసేపు పట్టాలన్నది వాయించేవాళ్ల ఊపిరిని బట్టే. దరువు మెషీన్‌లా పోతుంటుంది, దాని మీద పొడుగు పొట్టి నిర్ణయించేది ఊపిరి. ఇది తెలిసి వింటే ఆ గంట వేరుగా ఉంటుంది.

4. ఒక పాటను నాలుగు సార్లు వినండి

రోజుకు ఒకటే పాట. మొదటిసారి ఏమీ చేయకుండా. రెండోసారి కింది చప్పుడు మాత్రమే, అంటే బేస్, కిక్. మూడోసారి అన్నిటికన్నా చిన్నగా వినిపించేది, గలగలలాడే వాయిద్యమో వెనక గొంతో. నాలుగోసారి ఏది ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయిందో నిమిషాలతో కాగితం మీద రాయండి.

నాలుగుసార్లకు టైమ్ లేకపోతే రెండోది, నాలుగోది చాలు. మొదటి మూడు నిమిషాల్లో నచ్చలేదని తీర్పు చెప్పకండి. ఈ పాటలు అప్పటికి మొదలు కూడా కావు. ఏడో నిమిషం దాటినా ఒళ్లు కదలకపోతే నిస్సంకోచంగా వదిలేసి, వేరే రకానికి మారండి.

5. ఇంకొకరికి చెప్పేటప్పుడు

ఇరవై లింకులు వరుసగా వాట్సాప్‌లో పంపితే ఎవరూ వినరు. ఒక్కటి పంపండి, దాని కింద ఒక్క వాక్యం రాయండి. "రెండో నిమిషం నుంచి గిటార్ మాత్రమే విను" అన్నట్టు. ఆ వాక్యం లేకుండా లింకు పంపొద్దు.

పంపే ముందు రెండు సంగతులు కనుక్కోండి. ఎక్కడ వింటారు, ఇంతకుముందు దేనికి లేచి ఆడారు. హన్మకొండ నుంచి కరీంనగర్‌కు రోజూ కారులో పోయే మిత్రుడికి "హల్లోగల్లో". పరీక్షలకు చదివే తమ్ముడికి మాటలు లేనివి, రైక్ లాంటివి. పెళ్లి బరాత్‌లో తీన్‌మార్‌కు ముందుండే బావకు ఫేలా కుటి. అమ్మకో, పెద్దమ్మకో అయితే ఇయర్‌ఫోన్స్ చేతికిచ్చి వదిలేయకండి. పక్కన కూర్చుని "క్లాపింగ్ మ్యూజిక్" వీడియో చూపించి, "పెద్దమ్మా, నువ్వు మొదటి ఆవిడ చప్పట్లు కొట్టు, నేను రెండోది కొడతా" అనండి. బతుకమ్మ ఆడిన చేతులు కాబట్టి నిలకడగా పట్టుకుంటారు. తడబడేది ఎక్కువగా మన వైపే ఉంటుంది.

బైక్ మీద పోయేవాళ్లకు మాత్రం ఇంటికెళ్లాక వినమని చెప్పండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని బండి నడపొద్దు.

6. మీరే రికార్డ్ చేసుకోవాలంటే

మన దరువులవి మంచి, పొడుగాటి రికార్డింగులు తక్కువ. కొమురవెల్లి, ఐనవోలు మల్లన్న జాతరలకు పోయినప్పుడో, ఊళ్లో బోనాలప్పుడో మీరే చేసుకోవచ్చు. వాయించేవాళ్లను ముందు అడగండి, వాళ్ల కష్టానికి తగ్గట్టు డబ్బు ఇవ్వండి. బయట పెట్టాలనుకుంటే అదీ అడిగి, వాళ్ల పేర్లు రాయండి.

ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, డప్పుకు కనీసం పదిహేను ఇరవై అడుగుల దూరంలో నిలబడండి. దగ్గరగా పెడితే దెబ్బ పగిలిపోయి చెవికి గీరుకుపోయినట్టు వస్తుంది, తర్వాత దాన్ని ఏ యాప్ బాగుచేయలేదు. ముందు అర నిమిషం తీసి విని చూసుకోండి. డప్పును మంట దగ్గర కాచిన వెంటనే గొంతు గట్టిగా పలుకుతుంది, కాసేపటికి దిగుతుంది. కాచాక మొదటి దరువు నుంచే రికార్డ్ చేస్తే ఆ మార్పు కూడా దొరుకుతుంది. మధ్యలో ఆపొద్దు. పది నిమిషాలకు తక్కువైతే దరువు కుదురుకునే లోపే అయిపోతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

"స్లోడ్, రివర్బ్" అని రాసి ఉన్న, వేగం తగ్గించి ప్రతిధ్వని కలిపిన వెర్షన్లు వినడం మొదటి తప్పు. వేగం మారితే దెబ్బల మధ్య సందు మారుతుంది, మనకు కావాల్సింది ఆ సందే. సినిమా పాటకు కత్తిరించినట్టు మూడు నిమిషాలకు కుదించిన సింగిల్ వెర్షన్లు రెండో తప్పు. "హల్లోగల్లో" పది నిమిషాలు లేకపోతే అది పూర్తి పాట కాదు. నిడివి చూసి ఎంచుకోండి.

సౌండ్ పెంచితే ఊపు పెరుగుతుందనుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. పెద్దలు 80 డెసిబెల్స్ సౌండ్‌లో వారానికి 40 గంటలకు మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డీజే బండి పక్కన నిలబడితే అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. విన్నాక చెవుల్లో గుయ్‌మని మోగితే ఆ రోజుకు ఆపేయండి. ఇయర్‌ఫోన్స్‌లో వింటూ పక్కనున్నవాళ్ల మామూలు మాట వినబడకపోతే తగ్గించండి. ఈ పాటలు తక్కువ సౌండ్‌లో కూడా నడుస్తాయి, అసలు మంచి దరువుకు అదే గుర్తు.

ఫలితం ఎలా చూసుకోవాలి

పాటతో పాటు చప్పట్లు కొడుతూ, సౌండ్ పూర్తిగా తగ్గించి, పది సెకన్లు కొట్టడం ఆపకుండా కొనసాగించండి. మళ్లీ సౌండ్ పెంచండి. మీ చప్పట్లు పాటతో కలిసే ఉంటే దరువు మీలోకి ఎక్కినట్టే. కొంచెం జరిగి ఉంటే ముందుకు జరిగారా వెనక్కా అని చూసుకోండి. ఎక్కువమంది ముందుకే ఉరుకుతారు. మెషీన్ పాటతో ఒకసారి, మనుషులు వాయించిన పాటతో ఒకసారి చేయండి. రెండోది ఎప్పుడూ కష్టంగానే ఉంటుంది, ఎందుకంటే వాళ్ల వేగం కూడా కదులుతుంటుంది.

పంపిన పాట అవతలివాళ్లకు చేరిందా లేదా అన్నది "ఎలా ఉంది" అని అడిగితే తెలియదు, అందరూ బాగుందనే అంటారు. వారం తర్వాత దరువును నోటితో కొట్టి చూపించమనండి. చూపించగలిగితే అదే రకంలో ఇంకో పాట పంపండి. చూపించలేకపోతే రకం మార్చి, చిన్న పాట పంపండి. ఈసారి ఏ వాయిద్యం వినాలో ఇంకా వివరంగా, నిమిషం సెకను వేసి రాయండి.